నిలబడ్డ కొలత

టైలరు మాస్టారికి కోపం ఏడాదికి రెండుసార్లే వస్తుందని వీధిలో చెప్పుకునేవారు. చెప్పిన రోజుకు బట్టలు ఇవ్వలేకపోయినప్పుడు ఒకసారి, ఆయన కుట్టినదాన్ని ఎవరైనా "కాస్త వదులైంది" అన్నప్పుడు ఇంకోసారి. అలాంటి మనిషి ఆ ఏడు వారాల్లో జన్మకు సరిపడా కోపం ఖర్చుపెట్టేశాడు. దానికంతటికీ కారణం సొంత ఇంట్లో బాత్రూము. ఎంత పెద్దదీ? అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. ఆయన కుట్టుమిషను పెట్టుకున్న ముందుగదికి, దానికి మధ్య ఒక్క గోడే అడ్డం.

ముప్పయ్యేళ్లుగా ఆ బాత్రూములోకి ఒక మెట్టు దిగి వెళ్లాలి. నేల సబ్బునీళ్లకు అరిగి అరిగి నున్నగా తయారైంది. "జారుతోందండీ, ఏదో ఒకటి చేయించండి" అని భార్య మొత్తుకున్నప్పుడల్లా, "ఈ గిరాకీ కాస్త తగ్గనీ" అనేవాడు. గిరాకీ తగ్గలేదు. ఆవిడ జారిపడింది. తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, ఆసుపత్రి నుంచి తిన్నగా చెల్లెలి ఇంటికి వెళ్లింది. ఇంటికి తీసుకెళ్లాలంటే బాత్రూములో మెట్టు ఉండకూడదనీ, కింద కూర్చునే లెట్రిన్ తీయించి కమోడు పెట్టించాలనీ, పట్టుకుని లేవడానికి గోడకు హ్యాండిలు ఉండాలనీ డాక్టరు ఖండితంగా చెప్పాడు.

డాక్టరు మాట ఒక ఎత్తయితే, ఆవిడ మాట ఒక ఎత్తు.

"ఇక్కడ కమోడైతే ఉంది గానీ పట్టుకోవడానికి ఏమీ లేదండీ. ప్రతిసారీ చెల్లెల్ని పిలవాలి, అది వచ్చి నా చెయ్యి పట్టుకుని లేపాలి. సొంత చెల్లెలే, కాదనను. అయినా సిగ్గుతో చచ్చిపోతున్నాను. మనింట్లో నా అంతట నేను వెళ్లి, నా అంతట నేను లేచి వచ్చేలా ఉంటేనే వస్తాను. మీ చెయ్యి కూడా నాకొద్దు."

"మూడు వారాలు. మూడే వారాల్లో నిన్ను తీసుకెళ్తాను," అని మాటిచ్చి వచ్చాడు మాస్టారు. ఆవిడ అడిగినప్పుడే చేయించి ఉంటే ఇంత జరిగేదా అన్న బాధ ఆయన్ను వదల్లేదు.

పనికి ఒక తాపీమేస్త్రీ, ఒక ప్లంబరూ కుదిరారు. ప్లంబరుకి ఎప్పుడు ఫోను చేసినా "ఐదు నిమిషాల్లో మీ గుమ్మం ముందుంటా మాస్టారూ" అనేవాడు. ఆ గుమ్మం ఎవరిదో దేవుడికే తెలియాలి. రెండో రోజుకల్లా మాస్టారు అతనికి 'ఐదునిమిషాలు' అని పేరు పెట్టేశాడు. మేస్త్రీ అయితే పేరుకు తగ్గట్టు అన్నీ తాపీగానే చేసేవాడు.

నేల పగలగొట్టిన రోజే గోడలో పాత ఇనుప పైపు పగిలింది. అది అన్నేళ్లుగా లోలోపల తుప్పు పట్టి, ఎవరైనా ఒక దెబ్బ వేస్తారా అని ఎదురుచూస్తున్నట్టుంది. నీళ్లు బాత్రూములో కారినా బాగుండేది. గోడకు ఇవతల, మిషను గదిలో కారాయి. ఎవరిదో పెళ్లికి కుడుతున్న తెల్ల పట్టు గౌను మీద తుప్పు మరక పడింది. మాస్టారు ఆ గౌను వెలుతురులోకి తీసుకెళ్లి మరకను గోటితో గీకి చూశాడు.

"పోనీలెండి మాస్టారూ, ఇప్పుడే తెలిసింది, మంచిదే అయింది," అన్నాడు ఐదునిమిషాలు.

"ఏం మంచిదయ్యా! నా పెళ్లాం తుప్పు పైపు పక్కన ఇన్నేళ్లు స్నానం చేసిందని మంచిదా? నా గౌను పోయిందని మంచిదా?"

పైపు మార్చడానికి వారం పట్టింది. ఈలోగా మేస్త్రీ ఇంకెవరి ఇంట్లోనో గోడ కట్టడానికి వెళ్లి కనిపించకుండా పోయాడు. మాస్టారు పొద్దున్నే బకెట్టూ తువ్వాలూ పట్టుకుని ఎదురింటికి స్నానానికి వెళ్లేవాడు. ఎదురింటావిడ ఏమీ అనేది కాదు గానీ, "ఇంకా అవలేదా అన్నయ్యగారూ?" అని రోజూ అడిగేది. ఆ ప్రశ్న వినగానే ఆయనకు ఒళ్లు మండేది. ఇంట్లో ఎక్కడ చూసినా సిమెంటు దుమ్మే. కత్తెర మీద దుమ్ము, దారపు రీళ్ల మీద దుమ్ము, అన్నంలో కూడా దుమ్ము.

నాలుగో వారంలో కమోడు వచ్చింది. నేలలో దాని గొట్టానికి వదిలిన కన్నం గోడకు తొమ్మిది అంగుళాల దూరంలో ఉంది. ఐదునిమిషాలు తెచ్చిన కమోడుకి పన్నెండు అంగుళాలు కావాలి. చచ్చినా కూర్చోదు.

"కొలత చూడకుండా ఎలా తెచ్చావయ్యా? నేను మనిషిని చూడకుండా చొక్కా కుడతానా?" అని మాస్టారు వీధి వీధంతా వినపడేలా అరిచాడు.

"అన్నీ ఒక్కలాగే ఉంటాయనుకున్నా మాస్టారూ," అని తల గోక్కున్నాడు ఐదునిమిషాలు.

దాన్ని వెనక్కిచ్చి వేరేది తెచ్చేసరికి టైల్సు నాలుగు తక్కువొచ్చాయి. మేస్త్రీ కొత్త పెట్టె పట్టుకొచ్చాడు. ఇంకొకరైతే పట్టించుకునేవారు కాదేమో, మాస్టారి కళ్లు మాత్రం ఊరుకుంటాయా? ఒకే రంగు గుడ్డను రెండు తానుల్లోంచి తీస్తే పది గజాల దూరం నుంచి కనిపెట్టే కళ్లు అవి.

"ఇది ఆ రంగు కాదు."

"తడిస్తే కలిసిపోతుంది లెండి," అన్నాడు మేస్త్రీ, నిమ్మకు నీరెత్తినట్టు.

మాస్టారు పళ్లు నూరాడు. తడిపి చూశారు. కలవలేదు. సరే, ఆ నాలుగూ తలుపు వెనకాల వేయించి, పీడా వదిలిందనుకున్నాడు. తీరా నేల పూర్తయ్యాక బకెట్టు నీళ్లు కుమ్మరించి చూస్తే, నీళ్లు జాలీ వైపు వెళ్లడం మానేసి ఎదురు మూలకు వెళ్లి తీరిగ్గా నిలబడ్డాయి. అంటే మళ్లీ తడి, మళ్లీ జారడం. మళ్లీ పగలగొట్టండి అన్నాడు మాస్టారు.

ఆ రోజే మరదలు ఫోను చేసింది.

"బావగారూ, మీకు చెప్పొద్దని అక్క ఒట్టు పెట్టించుకుంది. అయినా చెప్తున్నాను. అక్క నీళ్లు తాగడం మానేసింది. మాటిమాటికీ నన్ను పిలవాల్సి వస్తుందని. నిన్న డాక్టరు బాగా తిట్టాడు. మీరు తొందరగా ఏదో ఒకటి చేయండి."

ఫోను పెట్టేశాక మాస్టారు మిషను ముందు కూర్చున్నాడు గానీ సూదిలో దారం ఎక్కలేదు. ఆ తర్వాత మేస్త్రీ వెంట, ఐదునిమిషాలు వెంట నీడలా తిరిగాడు. తిట్టాడు, బతిమాలాడు, ఒకసారి మేస్త్రీ బైకు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ప్రతి ఆదివారం భార్య దగ్గరకు వెళ్లి పని ఎంతదాకా వచ్చిందో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. పైపు ఇలా చేసింది, కమోడు అలా చేసింది, ఈ వెధవలు నన్ను మూడు చెరువుల నీళ్లు తాగించారు. ఆవిడ మంచం మీద కూర్చుని అన్నీ వినేది.

ఏడో వారానికి నేల వాలు సరిగ్గా వచ్చింది. మెట్టు పోయింది. కమోడు కూర్చుంది. మిగిలింది హ్యాండిలు. కమోడు పక్క గోడకు రెండు కన్నాలు వేసి స్టీలు హ్యాండిలు బిగించాలి.

"అమ్మగారు వచ్చాక పెడదాం మాస్టారూ. ఒకసారి కూర్చుని చెయ్యి చూపిస్తే అక్కడే బిగిస్తా," అన్నాడు ఐదునిమిషాలు. ఈ ఏడు వారాల్లో అతను చెప్పిన తెలివైన మాట బహుశా అదొక్కటే.

"కొలత చూడకుండా కమోడు తెచ్చినవాడివి, నా భార్య కొలత నాకు చెప్తావా?" మాస్టారు మెడలోంచి టేపు తీశాడు. "ముప్పయ్యేళ్ల నుంచి ఆవిడ జాకెట్లు నేనే కుడుతున్నా. ఒక్కసారి కూడా టేపు పెట్టలేదు. భుజం, చెయ్యి, మోచెయ్యి అన్నీ నోటికే వచ్చు. నేల నుంచి మోచేతికి ముప్పయ్యేడు అంగుళాలు. వెయ్యి కన్నం."

ఐదునిమిషాలు డ్రిల్లు అందుకున్నాడు. కన్నాలు వేసి హ్యాండిలు బిగించాడు.

మర్నాడు పొద్దున ఆవిడ వచ్చింది. చేతికర్ర పట్టుకుని, చెల్లెల్ని వాకిట్లోనే ఆపేసి, ఒక్కో అడుగే వేసుకుంటూ తిన్నగా బాత్రూము దగ్గరికే వెళ్లింది. "ఒకసారి కూర్చుని చూస్తాను. ఎవరూ రాకండి," అని తలుపు దగ్గరగా వేసుకుంది. మాస్టారు బయట నిలబడ్డాడు. లోపల కర్ర గోడకు ఆనించిన చప్పుడైంది. తర్వాత స్టీలుకు గాజులు తగిలిన చప్పుడు రెండుసార్లు వినిపించింది.

"ఏవండీ, ఒకసారి రండి," అంది ఆవిడ మెల్లగా.

వెళ్లి చూశాడు. ఆవిడ కమోడు మీద కూర్చుని ఉంది. హ్యాండిలు ఆవిడ భుజం పక్కన ఉంది. దాన్ని పట్టుకోవాలంటే మోచెయ్యి గాల్లోకి లేస్తోంది. బలం ఆనదు. రెండుసార్లు ప్రయత్నించి మళ్లీ కూలబడింది.

మాస్టారికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఆయన కొలతలన్నీ నిలబడ్డ మనిషివి. "నిటారుగా నిలబడండి" అని జీవితమంతా జనానికి చెప్పినవాడు, కూర్చున్న మనిషిని ఎప్పుడూ కొలిచి ఎరగడు.

"ఇక్కడ పడ్డప్పుడు భుజానికి కూడా దెబ్బ తగిలింది. పైకి లేవదు," అంది ఆవిడ.

"చెప్పలేదేం?"

"మీరెప్పుడు అడిగారు? ప్రతి ఆదివారం వచ్చి పైపుల గురించి చెప్పారు, టైల్సు గురించి చెప్పారు. ఒక్కసారైనా 'ఏదీ, లేచి చూపించు' అన్నారా నన్ను?" ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "కమోడు ఎన్ని అంగుళాలో నాకు తెలుసు. నేనెలా లేస్తున్నానో మీకు తెలియదు."

మెడలోంచి టేపు తీశాడు. ఆవిడ కొలతకు నిలబడాలనుకుని కర్ర అందుకుని లేవబోయింది.

"వద్దు, కూర్చునే ఉండు," అన్నాడు. తడి ఆరని నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చున్నాడు. "నీకు ఎక్కడ పట్టుకుంటే బాగుంటుందో అక్కడ గోడ మీద చెయ్యి పెట్టు."

ఆవిడ అరచెయ్యి గోడకు ఆనించింది. మాస్టారు నేల నుంచి అక్కడికి టేపు లాగాడు. ఇరవై తొమ్మిది. ఎనిమిది అంగుళాల తేడా. అరంగుళం తేడా వస్తే కుట్టు విప్పి మళ్లీ కుట్టే మనిషి. జేబులోంచి సుద్ద తీసి ఆవిడ చెయ్యి చుట్టూ టైలు మీద గీత గీశాడు. పైనున్న రెండు కన్నాలూ ఇక ఆ గోడకు ఉండిపోతాయి. ఉండనీ అనుకున్నాడు.

ప్లంబరుకి ఫోను చేశాడు. "నువ్వు చెప్పిందే సరైందయ్యా. కాస్త రావూ?"

"ఐదు నిమిషాల్లో ఉంటా మాస్టారూ."

మాస్టారు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"అతను వచ్చేదాకా నన్నిక్కడే కూర్చోమంటారా?" అంది ఆవిడ.

ఆయన చెయ్యి చాపాడు. ఆవిడ దాని వంక కాసేపు చూసింది. చూసి, పట్టుకుంది.

"ఇవాళ ఒక్కరోజే," అంది.