తలకు ఆపరేషన్, పొట్ట మీద కుట్లు

మధ్యాహ్నం పన్నెండున్నరకు హెలికాప్టర్‌లో మంచుకొండల సరిహద్దు సైనిక పోస్టు మీద దిగాను. పదిహేను వేల అడుగుల ఎత్తు. చలి సున్నాకు ఇరవై డిగ్రీల కింద. మూడు బంకర్లు, ఒక కిరోసిన్ పొయ్యి, పదకొండు మంది. పన్నెండోవాణ్ణి నేను, నర్సింగ్ అసిస్టెంట్‌ని. వెంట మందుల సంచి, రెండు ఆక్సిజన్ సిలిండర్లు. మాది జగ్గయ్యపేట. అక్కడి రేడియో ఆపరేటర్‌ది మా దగ్గరి వీరులపాడు. నా మాట వినగానే "పేటోడివా!" అని కావలించుకున్నాడు.

ముప్పై ఎనిమిదో రోజు. ఉదయం ఆరూ నలభై. ఆపరేటర్ కింది బేస్‌తో మాట్లాడుతున్నాడు. ఉన్నట్టుండి మాట ముద్దయింది. మూతి కుడివైపుకు లాగేసింది. ఎడమ చెయ్యి వాలిపోయింది.

"రాత్రి రమ్ము ఎక్కువైందా?" అన్నాడు పోస్ట్ కమాండర్.

అంతకు ముందు వారమే ఆపరేటర్ సెలవు అడిగాడు. దొరకలేదు. అందుకే నాటకమేమోనని నాకూ అనుమానం వచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది. అతని ఎడమ అరచేతిని సూదితో గుచ్చి చూశాను. చెయ్యి కదల్లేదు.

"నాటకం కాదురా," అన్నాడు ముద్దమాటతో. "నువ్వు కూడా నమ్మవా?"

రేడియో నేనే అందుకున్నాను. "పక్షవాతం. హెలికాప్టర్ కావాలి."

"మబ్బుగా ఉంది. ఆగండి," అన్నారు బేస్ నుంచి.

తొమ్మిదీ యాభైకి మబ్బు విడింది. హెలికాప్టర్‌లో సైనిక ఆస్పత్రికి నేనూ వెంట వెళ్లాను.

మర్నాడు ఉదయానికి పిలిస్తే అతను పలకలేదు. సర్జన్ స్కాన్ చూపించాడు. ఎత్తులో రక్తం చిక్కబడి గడ్డ కట్టింది. మెదడు వాచి పక్కకు ఒరిగింది. "పుర్రెలో కుడివైపు అరచేతంత ఎముక తీసి వాపుకు చోటివ్వాలి. లేకపోతే రేపటికి ఉండడు."

"ఇది కొత్తగా మావాడి మీద నేర్చుకుంటున్నారా సార్?" అని అడిగేశాను.

ఆయన కోప్పడలేదు. పుర్రెకు రంధ్రం చేయడం మనుషులకు వేల ఏళ్ల కిందటే తెలుసన్నాడు. వాచిన మెదడు కోసం ఎముక తీయడం వందేళ్లు దాటిన పద్ధతట; మొదట కంతులకు, దెబ్బలకు చేసేవారు. పక్షవాతానికి చేయాలా వద్దా అని మాత్రం డాక్టర్లే చాలాకాలం వాదులాడుకున్నారు. బతికించి మంచాన పడేస్తామేమోనని వాళ్ల భయం. వయసులో ఉన్నవాళ్లకు తొందరగా చేస్తే చాలామందికి ప్రాణం నిలుస్తుందని తరవాత తేలింది.

"చెయ్యి తిరిగొస్తుందని మాటివ్వలేను," అన్నాడు.

ఆ మాటతో కొంచెం నమ్మాను. నందిగామలో ఉన్న అతని భార్య పద్మకు ఫోన్ చేశాను.

"దగ్గరుంది మీరు కదా అన్నయ్యా. మీరు సరేనంటే సరే," అంది.

నేను సరేనన్నాను. ఆపరేషనైన మూడో రోజు పద్మ, లారీ నడిపే వాళ్లన్నయ్య వచ్చారు. ఆపరేటర్ కళ్లు తెరుస్తున్నాడు, మాట లేదు. పద్మ వాళ్లన్నయ్య దుప్పటి తీసి చూసి నన్ను నిలదీశాడు.

"తలకి ఆపరేషనైతే పొట్ట మీద కుట్లేంటండీ? మా బావ కిడ్నీ తీసేశారు. మీకు తెలిసే జరిగిందా ఇది?"

పద్మ నావైపు చూసింది. ఆ కుట్ల సంగతి నాకెవరూ చెప్పలేదు. వాళ్లకంటే ముందు నేనే సర్జన్ గదికి పరుగెత్తాను.

"తీసిన ఎముకను పొట్ట చర్మం కింద దాచాం," అన్నాడాయన. "అక్కడైతే పాడవదు. వాపు తగ్గాక తిరిగి పెడతాం. ముందే చెప్పాల్సింది. తప్పు నాదే."

వాళ్లన్నయ్య నమ్మలేదు. పొట్టకు స్కాన్ తీయించారు. అతను తెర మీద వేలు పెట్టి రెండు కిడ్నీలూ లెక్కపెట్టుకున్నాడు. పక్కనే పొట్టలో తెల్లగా, వంపుగా ఎముక. అప్పుడు కుర్చీలో కూలబడ్డాడు. పద్మ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడు నెలలకు ఎముక తిరిగి పెట్టారు. నేను డ్యూటీ ముగించి, తరవాత కొన్నేళ్లకు రిటైరై పేటకు వచ్చేశాను. నందిగామ వెళ్తే ఆపరేటర్‌ని చూడకుండా రాను. కర్ర పట్టుకుని నడుస్తాడు. ఎడమ చెయ్యి రాలేదు. పద్మ వాళ్లన్నయ్యని "కిడ్నీ ఇన్‌స్పెక్టర్" అని ఏడిపిస్తాడు.

ఒక్కటి మాత్రం నా కళ్ల ముందు నుంచి పోదు. ఎముక ఇంకా పెట్టని రోజుల్లో ఒక సాయంత్రం, పద్మ అతనికి జావ తాగిస్తోంది. స్పూను గిన్నెలో పెట్టేసి, అలా చూస్తూ ఉండిపోయింది. ఎముక లేనిచోట, గుండె కొట్టుకున్నప్పుడల్లా, ఆ పల్చటి చర్మం పైకి లేస్తోంది, దిగుతోంది.