నీలం తిన్న పాచి

ఈ రోజు పొద్దున నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. దాన్ని కడుపులో పెట్టుకుని పాత రోజుల గురించి రాయబోతే కలం సాగడం లేదు. సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తూ తల నెరిసినవాణ్ణి, మధ్యాహ్నం భోజనానికి బావమరిది కుటుంబం వస్తోందని, పెరట్లో వాసన వస్తోందని మా ఆవిడ అంటూనే ఉందని, చేతికందిన బ్లీచింగ్ పౌడరు సంచి విప్పి మా ఇంటికీ పక్కింటికీ మధ్యనున్న రాళ్ళ కాలువలో గుమ్మరించాను.

ఆ కాలువ సంగతి చెప్పాలి. రెండిళ్ళ స్నానాల నీళ్ళూ, గిన్నెలు తోమిన నీళ్ళూ మూత వేసిన తొట్టిలో పడి, అక్కణ్ణుంచి గులకరాళ్ళ మీదుగా మెల్లగా పారి, చివర అడ్డు తీసినప్పుడు పక్కింటి చెల్లెమ్మ కనకాంబరాల మడికి చేరతాయి. రాళ్ళకు పట్టిన జిగురు పాచిలో ఉండే సూక్ష్మజీవులే సబ్బునూ జిడ్డునూ తిని ఆ నీళ్ళను తేటపరుస్తాయి. వాటిని అక్కడ పెట్టింది నేనే, ఇప్పుడు చంపిందీ నేనే. ఆమె పూలు కట్టి అమ్ముకుని బతికే మనిషి. బోర్లు అడుగంటిన ఈ ఎండాకాలంలో ఆ మడికి వేరే నీళ్ళు లేవు.

కాసేపటికి ఆమె గోడ మీదుగా తొంగిచూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందన్నా ఇది, ఆసుపత్రి కంపు కొడతాండాది?"

"మున్సిపాలిటీ వాళ్ళు ఏమన్నా చల్లిపోయినారేమోమ్మా" అన్నాను. అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వస్తుందని ఈ వయసులో తెలిసింది. బావమరిది భోజనం బాగుందని మెచ్చుకుంటూ తిన్నాడు గానీ నేను మధ్యలోనే చెయ్యి కడుక్కున్నాను. వాళ్ళు వెళ్ళాక వరండాలో కూర్చుంటే, ఎన్నో ఏళ్ళ కిందటి నీలం సీసా ఒకటి కళ్ళ ముందుకొచ్చి నిలబడింది.

యాడికి అనే ఊరి దగ్గర మెట్టసేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. మా నాయనకు వేరుశెనగ తప్ప వేరే లోకం లేదు. చదువు ముగించి అనంతపురంలో ఒక చిన్న ప్రయోగశాలలో చేరినప్పుడు అక్కడ మాకు పెద్దదిక్కు చిలమత్తూరు వైపు నుంచి వచ్చిన మేడమ్. ఆమె ఇంగ్లీషులో పేపర్లు రాసేది, తిట్టడం మాత్రం మా సీమ భాషలోనే తిట్టేది. ఆ రోజుల్లో జిల్లాలో ఒక మూల జీన్సు బట్టలకు రంగులద్దే షెడ్లు లేచాయి. వాటి నీళ్ళు పడి పక్కనున్న వాగు, మా సీమ మాటలో వంక, నీలంగా మారిపోయింది. వాన చినుకు కోసం ఆకాశం వైపు చూసే సీమలో ఏడాది పొడుగునా పారే వంక అదొక్కటే, దాంట్లో మేకలు కూడా మూతి పెట్టేవి కావు. ఆ నీలాన్ని తినే సూక్ష్మజీవులు దొరుకుతాయేమో చూడడమే మా పని. అది తలచుకుంటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

మొదట పెద్ద నగరాల నుంచి గాజు గొట్టాల్లో సూక్ష్మజీవులను తెప్పించి, కొత్త అల్లుళ్ళకు చేసినట్టు మర్యాదలు చేసేవాళ్ళం. వేడి తగలకూడదు, తిండి తగ్గకూడదు. ఇంతా చేసి రంగునీళ్ళలో వదలగానే అవి చచ్చి ఊరుకునేవి. నేను దిగాలుపడి కూర్చుంటే మేడమ్ కసిరింది. "ఊటీ పూలచెట్టు తెచ్చి మన ఎర్రనేలలో నాటితే బతుకుతాదా అప్పా? ఆ నీళ్ళే తాగి బతికేటివి ఆడనే ఉంటాయి. పోయి ఎతుకుదాం పా."

షెడ్ల వెనకాల నల్లటి బురదలోకి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఆమే ముందు దిగింది. షెడ్డు యజమాని గుమ్మంలో నిలబడి, బురదలో బంగారం ఏమన్నా పడిందా మేడమ్ అని ఎగతాళి చేస్తే, "నువ్వు పారేసిందే ఏరుకుంటాండాం లేప్పా" అని తలెత్తకుండానే జవాబిచ్చింది. ఆ బురద కొంచెం సీసాలో వేసి, రంగునీళ్ళు పోసి, మా నాయన పంపిన, నూనె తీసిన వేరుశెనగ చెక్కను నానబెట్టి ఆ నీళ్ళు తిండిగా పెట్టి, బిరడా బిగించి అటక మీద ఉంచాం.

ఒక పొద్దున వెళ్ళి చూద్దును కదా, సీసాలో నీలం లేదు! గంజిలాగా లేత పసుపు. నేను అరిచిన అరుపుకు పక్క గదిలోవాళ్ళు పాము కనబడిందేమోనని కర్రలు తెచ్చారు. సీసా చంకలో పెట్టుకుని, సైకిలెక్కి, గతుకుల దారిలో మేడమ్ ఇంటికి ఎగిరిపోయాను. ఆమె పొయ్యి దగ్గర రాగి సంగటి కెలుకుతోంది. చూడండి మేడమ్ అంటూ బిరడా తీశాను. మా ఇద్దరి కళ్ళెదుటే, పైనుంచి కిందికి, తెర దింపినట్టు సీసా అంతా మళ్ళీ నీలమైపోయింది.

ఆమె కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. నవ్వు ఆపి, సంగటి కట్టె అలాగే చేతిలో పట్టుకుని, "రంగు పోలేదప్పా, దాక్కునింది. గాలి తగిలితే బయటపడె" అన్నది. ఆ మాట వెనకే ఆమె ముఖంలో ఒక వెలుగు వచ్చింది. సంగటి అడుగంటుతున్న సంగతి ఇద్దరం మరిచిపోయాం. గాలి లేనిచోట బతికే జీవులు రంగును సగం విరిచి వదిలేస్తున్నాయి, మిగతా సగం గాలిలో బతికే జీవులు తినాలి. ఒకరితో అయ్యే పని కాదిది, ఒకరి వెంట ఒకరు చేయాల్సిన పని. మాడిన సంగటి తింటూనే, మూసిన డ్రమ్ము, దాని కింద గులకరాళ్ళు పరిచిన కాలువ, ఈ రెండూ ఎలా కట్టాలో మాట్లాడుకున్నాం.

కట్టాం. రాళ్ళకు పాచి పట్టేదాకా కాపలా కాశాం. కాలువ చివర నీళ్ళు తేటగా వచ్చిన రోజున ఎవ్వరమూ నమ్మలేదు, ముఖ్యంగా నేను. టీ అంగడి వాడు టీని ఎత్తి పోసినట్టు ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి నురగ వచ్చేదాకా పోశాను, గాలి బాగా తగలాలని. నీలం రాలేదు. మళ్ళీ పోశాను. రాలేదు! మేడమ్ చప్పట్లు కొడితే అందరం కొట్టాం. ఈ సందడికి ఎక్కణ్ణుంచో వచ్చిన మేక ఒకటి ఆ నీళ్ళలో మూతి పెట్టబోయింది. మేడమ్ దాని చెవి పట్టుకుని వెనక్కి లాగి, "ఆగవే, నీకింకా రిపోర్టు రాలేదు" అన్నది. ఆ మేక ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

మేడమ్‌కు ఒక అలవాటు ఉండేది. కాలువ ఎంత బాగా పనిచేస్తున్నా, కొన్ని రాళ్ళు తీసి వేరే ఎవరి దగ్గరో పెట్టేది. మన ఇంట్లో పెరుగు చెడిన పొద్దు తోడుకు పక్కింటికి పోమా అప్పా, అనేది. మన తరం వాళ్ళకు చెప్పనక్కర లేదు, చిన్న గిన్నె పట్టుకుని తోడు అడిగి తెచ్చుకోని ఇల్లు లేదు కదా. తర్వాతి కాలంలో మేడమ్ పోయింది, ఆ పనికి డబ్బు రావడం ఆగింది, కాలువ ఉన్నచోట కొత్త గదులు కట్టారు. పగలగొట్టే ముందు నేను ఒక బకెట్ రాళ్ళు ఇంటికి తెచ్చి పెరట్లో పరిచాను. ఆమె అక్కడక్కడా పెట్టిన రాళ్ళు ఎప్పుడో ఎండిపోయాయి, ఆమె దిగిన బురదలోంచి వచ్చిన ఆ వంశంలో మిగిలినవి అవే. పొద్దున నేను చంపింది వాటిని. ఆమె అలవాటును మాత్రం నేను నేర్చుకోలేదు. ఎవరికీ ఒక్క రాయి ఇచ్చి ఉంచలేదు.

రంగు పోలేదప్పా, దాక్కునింది. మేడమ్ మాట చెవిలో మళ్ళీ మోగగానే లేచి పక్కింటికి వెళ్ళాను. చల్లింది నేనేనమ్మా అని చెప్పాను.

ఆమె కడుతున్న పూలు పక్కన పెట్టింది. "చల్లితే చల్లినావు, అబద్ధం యాలన్నా చెప్పేది? మడికి నీళ్ళు వదలబోతాంటి. వదిలింటే నా చెట్లన్నీ మాడిపోవునే!" ఆమె తిట్టినంతసేపూ నిలబడ్డాను. తిట్టడం అయ్యాక, ఇక ఆ పాచి లోకంలో ఎక్కడా లేదమ్మా అని చెప్పాను.

"యాల లేదు? రాప్తాడులో మా ఆపా ఇంట్లో ఉండాది కదా. మాకూ అట్ల కాలువ కావాలని అడిగితే పోయినేడు ఇన్ని రాళ్ళు ఇచ్చి పంపినా. నీకు చెప్పలేదులే. తోడు అడిగితే లేదంటారా ఎవురన్నా?"

నేను ఆ సైకిలు రోజున అరిచినట్టు అరిచి ఉంటాను, మా ఆవిడ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది. బకెట్ తీసుకుని ఉన్న బట్టలతోనే రాప్తాడు బస్సెక్కాను. ఆపా అంటే వాళ్ళ అక్క, ఆమె ఇంటి వెనక కాలువలో పాచి పట్టిన రాళ్ళు తడితడిగా మెరుస్తుంటే, పోగొట్టుకున్న చుట్టాన్ని చూసినట్టయింది. తిరుగు బస్సులో తడి గోనెపట్టా కప్పిన బకెట్ చూసి కండక్టరు చేపలా అని అడిగాడు. పాచి అన్నాను. "పాచికి టికెట్ లేదులే, కూసో పెద్దాయనా" అన్నాడు.

కిటికీ పక్కన కూర్చుని చాలా ఆలోచించాను. తోడు కోసం గిన్నె పట్టుకుని ఇప్పుడెవరూ రారు, పెరుగు ప్యాకెట్లలో వస్తుంది. నేటి పిల్లలు యంత్రంలో చుక్క వేసి సూక్ష్మజీవుల పేర్లన్నీ వరసగా చదివేస్తారు. అది చూస్తే ఈర్ష్య కలిగేంత ఆనందం నాకు. మేడమ్ ఉంటే ఎగిరి గంతేసేది. బురదలోకి దిగే కాళ్ళు మాత్రం తగ్గినట్టున్నాయి, నా కాళ్ళతో సహా. ఈ రాళ్ళమీద ఉన్నవి ఆనాటి నీలం తిన్నవేనని ప్రమాణం చేయలేను. సబ్బునీళ్ళు తాగి తాగి ఎంతో మారిపోయి ఉంటాయి. నేను మాత్రం మారలేదా?

ఇంటికొచ్చి, మందు కలిసిన నీళ్ళు మడివైపు పోకుండా కాలువకు మట్టికట్ట వేసి, ఎత్తి పారబోశాను. పాత రాళ్ళను కడిగి ఎండకు ఆరబెట్టాను. వాటి కంపు పూర్తిగా పోయేదాకా కొత్తవి వేయకూడదు కనుక, తెచ్చినవాటిని పెరట్లో ఇంకో తొట్టిలో నానబెట్టి, వాటిలో కొన్ని మాత్రం చిన్న గిన్నెలో వేసుకుని వెళ్ళి, ఎదురింటివాళ్ళు వింతగా చూస్తున్నా వాళ్ళ పెరట్లో దాచిపెట్టి వచ్చాను. కాలువ మళ్ళీ పారేదాకా మా తాగునీళ్ళ ట్యాంకు నుంచి బిందెలతో మోసి మడి తడుపుతానని చెల్లెమ్మకు మాటిచ్చి, మొదటి బిందె అప్పుడే పోశాను.

గోడ అవతలినుంచి "ఆ మూలకు పారలేదన్నా" అని వినబడింది. రెండో బిందెకు వెళ్ళాను.