గుండ్రం తప్పిన చివరి వరుస

వేపచెక్కను కోస్తే లేచే పొడి నాలుక మీద చేదుగా దిగుతుంది. మొన్న సంగారెడ్డిలో ద్వారబంధాలు చెక్కే దుకాణం ముందు నడుస్తుంటే ఆ చేదు నోటికి తగిలింది. లోపల మంచమంత యంత్రం కంప్యూటర్ చెప్పినట్టు వేపపలక మీద తీగలూ పూలూ చెక్కుతోంది. చూస్తూ నిలబడిపోయాను. ఇరవై ఏళ్ల కిందట అలాంటిదే, దానిలో పావు వంతు కూడా లేనిది, పటాన్‌చెరులో మా అద్దె ఇంటి వరండాలో తయారైంది. నేను చేశానని మా చర్చి సంఘంలో అందరూ అనేవారు. నడిచేట్టు చేసింది సత్తన్న.

సత్తన్న మా పక్క గదిలో ఉండేవాడు. ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేసి, అది మూతపడ్డాక ఇంట్లో కూర్చున్న మనిషి. నేను జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ని. మా సంఘం కట్టుకుంటున్న ప్రార్థనా మందిరానికి బైబిల్ వాక్యం చెక్కిన పలక నా చేతులతో చేసి ఇస్తానని దేవునికి మాట ఇచ్చుకున్నాను. సీఎన్‌సీ రూటర్ అనే చెక్కుడు యంత్రం కొనే తాహతు నాకు లేదు. పాడైన ప్రింటర్లలోని మోటార్లు, జిరాక్స్ మిషన్ల నున్నటి ఉక్కు కడ్డీలు కబాడీ కొట్లో ఏరుకొచ్చి, పాత కంప్యూటర్‌కు తగిలించాను. మోటార్లు తిరిగాయి. అంతకు మించి నాకు చేతకాలేదు.

"ఏం తమ్మీ, సచ్చిన ప్రింటర్ల బొక్కలన్నీ ఏరుకొచ్చినవ్?" అంటూ గోడ మీదుగా తొంగిచూశాడు సత్తన్న. ఆ రోజు నుంచి సాయంత్రాలు మా వరండాలోనే గడిపాడు.

కోసే బిట్టు బిగించబోతే వద్దన్నాడు. దాని చోట పెన్సిల్ కట్టించి, ముందు కాగితం మీద సున్నా గీయమన్నాడు. గీస్తే ఒకవైపు నొక్కుకుపోయి వచ్చింది.

"మీ సంఘంల సున్నా గిట్లనే ఉంటదా? కోడిగుడ్డు వెట్టినట్టున్నది."

"జెరంత తేడానే గదా అన్నా."

"తెలుగు అక్షరాలన్నీ గుండ్రమే తమ్మీ. రేపు మీ దేవుడు సదువుకుంటే నవ్వడా?"

మోటారు తిప్పే మరలున్న కడ్డీ మీద నడిచే నట్టు వదులుగా ఉండడం వల్ల, దిశ మారిన ప్రతిసారీ యంత్రం వెంట్రుకంత ఆగి కదులుతోంది. 'నట్టుల ఆట ఉన్నది' అన్నాడాయన. ఆ ఆట తీయడానికి నెల పట్టింది. అలాంటి కడ్డీ ముక్కకే ఆకురాయితో గాడులు తీసి, దానితోనే నైలాన్ దిమ్మెలో మరలు కోశాడు. దిమ్మెను ఒకపక్క రంపంతో చీల్చి, బోల్టుతో నొక్కి బిగించాడు. అప్పుడు సున్నా సున్నాలా వచ్చింది. ఆ నెలంతా, నా ప్రార్థన వేళ అయితే ఆయన పని ఆపేసేవాడు. చేతులు తుడుచుకుని, నేను కళ్లు తెరిచేదాకా చప్పుడు చేయకుండా కూర్చునేవాడు. అలా కూర్చోమని నేనెప్పుడూ అడగలేదు.

యంత్రం సిద్ధమైన వారానికే దసరా. మా వైపు ఆ రోజు కార్ఖానాల్లో యంత్రాలకు బొట్టు పెడతారు. జమ్మి ఆకును బంగారమంటూ చేతిలో పెట్టి కౌగిలించుకుంటారు. పొద్దున్నే నేను లోపలి నుంచి వచ్చేసరికి సత్తన్న స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, కుంకుమ పొట్లంతో వరండాలో ఉన్నాడు. యంత్రానికి బొట్టు పెట్టేశాడు.

"కంపెనీ బందైనంక నాకు బొట్టు వెట్టెతందుకు మిషినే లేకుండె తమ్మీ. ఇగ దొరికింది."

"దీంతోని వాక్యం చెక్కాలె అన్నా. గివన్నీ మాకు నడువయి," అంటూ బకెట్లో ముంచిన గుడ్డతో తుడవబోయాను. ఆయన ముఖమైనా చూడలేదు.

"తడిబట్ట వద్దు. కడ్డీకి తుప్పు వడ్తది. ఇటియ్యి."

పొడిగుడ్డ తీసుకుని తన బొట్టును తానే తుడిచాడు. కడ్డీకి నూనె రాశాడు. తర్వాత జేబులోంచి జమ్మి ఆకు తీసి నా వైపు చేయి చాచాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన ఆకును మళ్లీ జేబులో పెట్టుకుని, "మంచిది తమ్మీ," అని వెళ్లిపోయాడు.

యంత్రానికి బొట్టు వద్దనడం నా విశ్వాసం. ఈనాటికీ వద్దనే అంటాను. వెనక్కి వేసిన ఆ అడుగు మాత్రం విశ్వాసం వేయించింది కాదు. ఆదివారం బడి నుంచి నేను కంఠస్థం చేసిన వాక్యాల్లో దానికి ఆధారం కోసం చాలా వెతికాను. దొరకలేదు.

సత్తన్న మళ్లీ వరండాలోకి రాలేదు. వీధిలో ఎదురైతే, "మిషిన్ మంచిగ నడుస్తున్నదా?" అనేవాడు. "మంచిగనే," అనేవాణ్ణి. అది అబద్ధం. పొరుగువాణ్ణి ప్రేమించమనే ఆజ్ఞను వేపపలక మీద చెక్కుతుంటే, చివరి వరుసకు వచ్చేసరికి నట్టు అరిగి అక్షరాలు నొక్కుకుపోయాయి. గోడ అవతలే ఉన్న మనిషిని పిలవడానికి నాకు ముఖం చెల్లలేదు. పలకను అలాగే మందిరం గుమ్మం మీద బిగించాం. అందరూ మెచ్చుకున్నారు.

మరుసటి ఏడు ఆయన బొంతపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడే చనిపోయాడు. నాకు తెలిసేసరికి పది రోజులు దాటింది. వెళ్తే, కూతురు లోపలి నుంచి ఒక కాగితం పొట్లం తెచ్చింది.

"మిషిన్ తమ్మి అంటే నువ్వేనా అన్నా? ఒకపారి నాయిన మీ చర్చి ముంగట బస్సు కోసం నిలవడ్డడట. బోర్డు సూసి ఇంటికొచ్చి, కింది లైను కోడిగుడ్లు వెట్టింది, నట్టు అరిగిందన్నడు. కూసోని గిది చేసిండు."

పొట్లంలో కొత్త నైలాన్ నట్టు ఉంది.

"మరి తెచ్చియ్యలేదేందమ్మా?" అన్నాను.

"నేను గూడ గదే అడిగిన. పిలుస్తడు, పిలిస్తె పోత అన్నడు."

ఆ నట్టు ఇప్పటికీ నా యంత్రంలో ఉంది. మందిరానికి కొత్త పలక చెక్కమని పాస్టరు గారు రెండుసార్లు అడిగారు. ఇదే ఉండనివ్వమన్నాను. దసరా నాడు యంత్రాన్ని ఆపి, పొడిగుడ్డతో తుడిచి, కడ్డీలకు నూనె రాస్తాను. ఎవరైనా జమ్మి ఆకుతో ఎదురైతే వారి చేయి లేవకముందే నేను దగ్గరికి వెళ్తాను. ప్రతి ఆదివారం గుమ్మం దాటే ముందు ఆ చివరి వరుస చదివి, క్షమించమని దేవుణ్ణి అడుగుతాను. ఆ మాట మొదట సత్తన్నను అడగాల్సిందని, గోడ అవతల ఆయన ఏడాది పాటు ఉన్నాడని తెలిసే అడుగుతాను.