అడక్కుండా రాజీ చేసిన లాయరు

మా ఇంటాయన ఆ పొద్దు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, ఇంకా చెప్పులు కూడా విడవకుండానే, "ఆ లాయరు మనకొద్దు. ఆయప్పను బార్ కౌన్సిల్ వాళ్లు ఒకసారి సస్పెండ్ చేసినారంట" అన్నాడు.

నేను సంకటి కెలుకుతా ఉన్నాను. "ఏం చేసినాడంట?" అని అడిగినాను.

"కేసు వేసిన ఆమెను ఒక మాట అడక్కుండానే ఎదుటోళ్లతో రాజీ చేసేసినాడంట. ఆమె తరఫున తనే సంతకం పెట్టేసినాడంట."

ఉన్నమాట చెప్తాను, నాకు భయం కాలేదు. ఆశ పుట్టింది. ఆ మాట మాత్రం ఆయనకు చెప్పలేదు. చెప్తే ఆ సంకటి ముద్ద నా నెత్తిన పెట్టేసుండును.

కేసు వెయ్యాలనుకున్నది నా తమ్ముడి మీద, పుట్టింటి ఆస్తిలో నా భాగానికి. కెలమంగలం పక్కన మా పుట్టింటి మల్బరీ తోట, ఆ తోటలో పట్టుపురుగుల షెడ్డు. అమ్మా నాయనా పోయినాక వాడే చూసుకుంటా వచ్చినాడు. హోసూరు పెరిగీ పెరిగీ ఆ పక్కకి కూడా వచ్చేసింది కదా, తోటను ప్లాట్లేసే వాళ్లకు ఇచ్చేస్తా ఉండాడని మా ఊరామె మార్కెట్లో కనబడి చెప్పింది. నా తమ్ముడు నాతో చెప్పలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

అమ్మితే అమ్ముకోనీ అనుకుందును. కానీ వాడు నన్ను పురుగుకి పిలవడం మానేసినాడు. అదీ నా కడుపులో మంట. మా ఇంట్లో కొత్త పురుగు వచ్చిన దినం మొదటి పిడికెడు ఆకు ఆ ఇంటి ఆడబిడ్డే వెయ్యాల. పెండ్లయి హోసూరుకు వచ్చేసినా, ప్రతి పంటకీ నాకు పిలుపు వచ్చేది. తలకి పోసుకుని, కాళ్లు కడుక్కుని, లేత ఆకు సన్నగా తరిగి తట్టలో చల్లితే, ఆ చీమంత పురుగులు తలలెత్తి కదిలేవి. అవి పెద్దయినాక మళ్లీ చూడబోతే, ఆకు నమిలే సద్దు షెడ్డంతా వాన చినుకులు పడినట్ల ఉండేది. ఆ సద్దు వినకుండా నాకు ఏడాది దాటిపోయింది. మిక్సీ సద్దు, బండ్ల సద్దు, పక్కింటి టీవీ సద్దు, అన్నీ విన్నాను. అదొక్కటే లేదు.

పురుగు ఎట్లుండాదని ఎవరినైనా అడిగుండొచ్చు కదా అంటారేమో. మావైపు అడగరు. బయటోళ్లు పురుగు సంగతి ఎత్తితే దిష్టి తగిలి పంట పోతాదని, ఇంటి మనిషి కూడా పిలుపు రాకుండా నోరు తెరవదు. నేనూ తెరవలేదు. మార్కెట్లో కనబడినామె కూడా ప్లాట్ల సంగతి చెప్పిందే గానీ పురుగు పేరెత్తలేదు.

సస్పెండయినోడు వద్దని మా ఆయన నన్ను కృష్ణగిరిలో ఇంకో లాయరు దగ్గరికి పిలుచుకుపోయినాడు. ఆయన మీద ఒక్క మచ్చ లేదంట. ఏసీ రూము, గోడ నిండా పుస్తకాలు. మేం చెప్పింది సగం విని, తమిళంలో, "మీ తమ్ముణ్ని రోడ్డు మీద నిలబెట్టేస్తాను, చూస్తా ఉండండి అమ్మా" అన్నాడు. నా తమ్ముణ్ని రోడ్డు మీద నిలబెట్టేదానికి నువ్వెవడురా అని నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆయన మొహం చూసి మింగేసినాను. తిరుగు బస్సులో ఆయన, "ఎంత గట్టిగా మాట్లాడినాడు చూసినావా" అని మురిసిపోతా ఉంటే, నేను శూలగిరి వచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

మరుసటి దినం ఒక్కదాన్నే ఆ సస్పెండయిన లాయరు దగ్గరికి పోయినాను. హోసూరు కోర్టుకు ఎదురుగా, జిరాక్స్ అంగడి పైన చిన్న రూము. మనిషి పెద్దాయన, తెల్లచొక్కా మెడపట్టీ కాడ నలిగిపోయి ఉంది. తెలుగులోనే, "రామ్మా, కూర్చో" అన్నాడు. నేను కూర్చోకుండానే అడిగేసినాను: "మిమ్మల్ని సస్పెండ్ చేసినారంట కదా సార్. నిజమేనా?"

ఆయన కోపగించుకోలేదు. "నిజమే అమ్మా. ఒక ముసలామె, కొడుకు మీద ఇంటి కేసు. వాయిదాకి వచ్చినప్పుడంతా కోర్టు వరండాలో కూర్చుని, వాడు తిన్నాడో లేదో అని ఏడ్చేది. చూడలేక నేనే రాజీ రాసేసినాను. ఆమెకు కొడుకూ కావాల, ఆ ఇల్లూ కావాల. ఆ సంగతి నేను అడిగి తెలుసుకోలేదు. ఇల్లు పోయింది, కొడుకూ రాలేదు. నాకు వేసిన శిక్ష తక్కువే" అన్నాడు.

నాకు ఆ ముసలామె మీద జాలి కలగాల. కలిగింది. కానీ దాని వెనకాలే ఇంకొకటి. ఈయప్ప నా ఏడుపు కూడా చూసి, నన్ను అడక్కుండా, నేను తల వంచకుండా, మమ్మల్నిద్దర్నీ కలిపేస్తాడేమో! నేను నోరు తెరిచి "నన్ను పిలవరా" అని వాణ్ని అడిగే పని తప్పుతాది. అంతే, వకాలత్ కాగితం మీద సంతకం పెట్టేసినాను.

మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "అందరూ ఏ తప్పు విని ఆయన దగ్గరికి పోకుండా పారిపోతారో, నువ్వు ఆ తప్పు కోసమే పోయినట్లుండావే" అన్నాడు. ఎగతాళికే అన్నాడు గానీ, నేను మొహం తిప్పేసుకుని వంటింట్లోకి పోయినాను.

కేసు వేసినాక వాయిదా దినం వచ్చింది. కోర్టు వరండాలో నా తమ్ముడు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చిక్కిపోయినాడు. గడ్డం నెరిసింది. వాణ్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చినట్లయింది, వెంటనే రోషమూ వచ్చింది. పుట్టినప్పట్నుంచీ "రా" అనే పిలిచినదాన్ని, ఆ పొద్దు "ఏమప్పా" అన్నాను, ఎవరో బయటోణ్ని పలకరించినట్ల. వాడు తల దించుకున్నాడు.

నా లాయరు మా ఇద్దరి మధ్యకు వచ్చినాడు. ఇప్పుడు ఏడ్వాల అనుకున్నాను. ఏడుపు తెచ్చుకునే పని లేకపోయింది, దానంతటదే వచ్చింది. ఆయన నా కన్నీళ్లు చూసినాడు. చూసి కూడా, "అమ్మా, మీ తమ్ముడు మాట్లాడుకుందాం అంటా ఉండాడు. మీకేం కావాలో మీరే చెప్పండి. మీ తరఫున నేను ఒక్క మాట కూడా అనను" అని చేతులు కట్టుకున్నాడు.

ఎంత కోపం వచ్చిందో నాకు! ఏ గుణం చూసి నిన్ను పెట్టుకున్నానో ఆ గుణమే విడిచేసినావే అని అరవాలనిపించింది. ఆయన కదల్లేదు. కోర్టులో ఎవరి పేరో పిలుస్తా ఉండారు. చివరికి నా నోటి నుంచే ఊడిపడింది.

"నాకు భాగం గీగం వద్దురా. మొదటి ఆకు వేసేదానికి నన్నెందుకు పిలవలేదు నువ్వు?"

వాడు తలెత్తి చూసినాడు. "పిలిచేదానికి పురుగు ఉండాల కదక్కా" అన్నాడు. "ఏడాదిపైన అయింది నేను పురుగు పెంచేది మానేసి. వరసగా రోగం తగిలి అంతా పోయింది. నీ చెయ్యి వేసిన పంట పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పేది? అందుకే ఫోను ఎత్తలేదు."

ఆ పొద్దే వాడి బండి వెనకాల కూర్చుని తోటకు పోయినాను. కోత లేక మల్బరీ మనిషిని దాటి పెరిగిపోయి ఉంది. షెడ్డులో వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి, మీద దుమ్ము. నాకు తెలీకుండానే చెయ్యి పోయి కొన కాడ లేత ఆకు పిడికెడు తుంచుకుంది. లోపలికి తెచ్చినాక ఏం చెయ్యాలో తోచలేదు. "వెయ్యక్కా" అన్నాడు వాడు. పై తట్ట కొంగుతో తుడిచి, వేసినాను. ఇద్దరమూ అట్లే నిలబడినాము. ఏ సద్దూ లేదు.

తరువాతి వాయిదాకి లాయరు మళ్లీ అదే అడిగినాడు, ఏం రాయమంటారమ్మా అని. మీకు తెలీదా అన్నట్ల నేను తల ఊపినాను.

"తల ఊపితే కాదమ్మా. నోటితో చెప్పండి."

"అమ్ముకోనీండి సార్" అన్నాను. "ఆ ఆకు తినేదేదీ లేదు ఇప్పుడు."