కూర్చోలేని మనిషి

డిటెక్టివ్ అనగానే టోపీ, భూతద్దం తలుచుకునేవాళ్ళు వాటిని పక్కన పెట్టడం మంచిది. ఆ పనికి ముందుగా కావలసింది ఒకచోట కుదురుగా కూర్చునే ఒళ్ళు. మన బొంగరానికి లేనిది అదొక్కటే.

బొంగరం అని పేరు పెట్టింది ఆమె అన్నయ్యే. చిన్నప్పటినుంచి కాలు నిలవదు. పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికేది. అక్కడికి యంత్రాలు రాగానే ఇంటికి పంపేశారు. అప్పటినుంచి అన్నయ్య ఇంట్లో, వంటగది పక్క ఇరుకు గదిలో మకాం. వదిన మనసు మంచిదే, నోరే చేదు. "నీకింత అన్నం పెట్టడం నాకేం బరువు కాదమ్మా" అని రోజూ అంటుందంటే, బరువన్నమాటే కదా. సొంతంగా ఒక గది, దానికి లోపలినుంచి గడియ. బొంగరం కోరిక అంతే.

ఆ గదికి దారి పళ్ళ డాక్టరు ఆసుపత్రి పై అంతస్తులో కనిపించింది. పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన ఒకరు అక్కడ డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నాడు. ఆడమనిషైతే ఎవరికీ అనుమానం రాదని శిక్షణకు తీసుకున్నాడు. విద్య పట్టుబడితే ఉద్యోగం, లేకుంటే లేదు.

ఆ విద్య విచిత్రమైనది. ప్రశ్న వేస్తే జనం నోరు కుట్టేసుకుంటారట. తప్పు మాట ఒకటి విసిరితే దిద్దడానికి ఎగబడతారట. మనిషి చొక్కా మారుస్తాడు గాని నడక మార్చలేడట. పరాయి ఉత్తరం విప్పితే జైలుకు పోయేది మనమేనట. బొంగరం అన్నీ ఇట్టే పట్టేసింది.

"కూర్చోవడం తప్ప అన్నీ వచ్చాయి," అన్నాడు పెద్దాయన. "కాళ్ళలో ఏముంది నీకు? చీమలా?"

"చీమలైతే దులుపుకునేదాన్ని సార్."

పరీక్షగా ఒక గోదాము కూలీని అప్పగించాడు. పనిలో నడుం దెబ్బతిందని అతను బీమా సొమ్ము అడుగుతున్నాడు. నిజంగా బరువు ఎత్తలేడా, నటిస్తున్నాడా? బీమా కంపెనీకి తేల్చి చెప్పాలి. ఇంటి ఎదుట బస్టాపులో కూర్చుని, ఎత్తినా ఎత్తలేకపోయినా ఫోనులో వీడియో తీయాలి. దగ్గరికి వెళ్ళకూడదు, మాట్లాడకూడదు.

బొంగరం కూర్చుంది. బస్సులు వచ్చాయి, పోయాయి. చెప్పులు విప్పింది, తొడిగింది, మళ్ళీ విప్పింది. ఆ తలుపును చూసీ చూసీ తలుపు మీదే కోపం వచ్చింది. చివరికి బండివాడొకడు పాత బీరువాను గుమ్మం ముందు దింపి, లోపల పెట్టడం తన పని కాదని వెళ్ళిపోయాడు. కూలీ బయటికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, వంగాడు.

ఆమె ఫోను పైకెత్తింది. కానీ ఆ మనిషి మోకాళ్ళు బిగబట్టి నడుం మాత్రమే వంచుతున్నాడు!

"అలా కాదయ్యా! మోకాళ్ళు వంచు!"

అరిచింది తానేనని తెలిసేసరికి రోడ్డు దాటేసింది, బీరువా రెండో కొస పట్టేసుకుంది. ఆమె కొస లేచింది. అతని కొస నేల వదల్లేదు. మొహం పాలిపోయి, గోడకు జారగిలబడి, పళ్ళ బిగువున మూలుగు ఆపుకున్నాడు.

"నువ్వెవరో గాని అక్కా, చల్లగా ఉండు," అన్నాడు కాసేపటికి.

బొంగరం తన కొస మెల్లగా కింద పెట్టింది.

ఆఫీసులో పెద్దాయన చేయి చాపాడు. "ఏదీ, వీడియో?"

"లేదు సార్. తీసినా అందులో నేనే ఉండేదాన్ని." జరిగింది చెప్పింది. "అతను నిజమే చెబుతున్నాడు. నా చేతులకు తెలిసింది."

"నీ చేతులు బీమా కంపెనీకి పోస్టులో పంపనా? నువ్వు కదలకుండా ఉంటే, ఎత్తలేకపోవడం వీడియోలో పడేది. డబ్బు వచ్చేసేది. ఇప్పుడు ఇంకొకరు వెళ్ళి మొదటినుంచి కూర్చోవాలి. అందాకా అతనికి పస్తే."

సాయం చేద్దామని వెళ్ళి నిండా ముంచిందన్నమాట!

"నేను చూసింది రాసి సంతకం పెడితే?"

"చెల్లుతుంది. కానీ నిఘా చెడగొట్టింది నువ్వేనని కూడా రాయాలి. ఆ తర్వాత నిన్ను ఉంచుకుంటే కంపెనీ నాకు పని ఇవ్వదు. ఆలోచించుకో."

కిటికీ దాకా వెళ్ళింది, వచ్చి కూర్చుంది, మళ్ళీ లేచింది. కింద పళ్ళ డాక్టరు మర గీపెడుతోంది. గడియ ఉన్న గది కళ్ళముందు మెదిలింది. చివరికి నిలబడే రాసింది, నిలబడే వంకరటింకరగా సంతకం చేసింది.

ఇంటికి రాగానే వదిన అడిగింది. "ఏమ్మా, ఖాయమైందా?"

"ఊడింది."

"మళ్ళీనా! ఈసారి ఏం వెలగబెట్టావు?"

"లేచాను వదినా."

వదినకు ఆ మాట అంతుపట్టలేదు. ఇంకేదో అనబోయేలోగా బొంగరం మెట్లు దిగుతోంది. చీకటి పడేలోపు ఇంకో రెండు మూడు చోట్ల పని అడగవచ్చు.