పసుపు పక్కన నీలం

మా ముందుగదికి ఏ రంగు వేయాలన్న దానిమీద ఆయనకూ నాకూ వారం రోజులు పొసగలేదు. వెలుతురు తక్కువ గది, లేత పసుపు వేద్దామని నేను. ముదురు నీలమే కావాలని ఆయన. చివరికి కోవూరులో పాతికేళ్లుగా రంగులు వేస్తున్న సాయిబు, "రెండూ పక్కపక్కనే ఏసి చూపిస్తానక్కా, చూసుకొని చెప్పండి" అన్నాడు.

ఆ ఉదయం ఆయన తలనొప్పిగా ఉందంటూ పొలం నుంచి తొందరగా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా గోడమీద కుడివైపు పసుపు, ఎడమవైపు నీలం, రెండూ తలుపంత వెడల్పున ఉన్నాయి.

"పసుపు ఫర్లేదు. నేను చెప్పిన నీలం ఏయలేదేం?" అన్నారు.

సాయిబు నవ్వాడు. "అన్న ఎగతాళి చేస్తా ఉండాడు."

నేనూ నవ్వబోయాను. ఆయన మాత్రం నవ్వడం లేదు. "ఏసుంటే యాడుందో చూపించు!" అని విసుక్కున్నారు.

వెళ్లి నీలంమీద చెయ్యి పెట్టాను. తడి రంగు అరచేతికి అంటుకుంది. "ఇదిగోండి."

ఆయన నా గొంతు వినిపించిన వైపు తల తిప్పారు. "ఇందాక లేదే!" మళ్లీ ముందుకు చూస్తూ, "యాడికి పోయినావు?" అన్నారు.

నేను ఆ నీలం ముందే నిలబడి ఉన్నాను.

అరిస్తే ఆయన బెదిరిపోతారని అరవడానికీ భయమేసింది. సాయిబే ముందు తేరుకున్నాడు. "మా నాయనకు పక్షవాతం ఇట్టానే మొదలైందక్కా, ఆలస్యం చేయొద్దు" అంటూ చేతులైనా కడుక్కోకుండా పరిగెత్తి పక్కింటివాళ్ల కారు పిలుచుకొచ్చాడు.

పెన్నా వంతెనమీద కారు ఆగిపోయింది. ముందంతా లారీలు. ఆయన నా చీరకు అంటిన నీలం రంగు చూసి, "ఆ మరక పోదేమో" అన్నారు. మాట స్పష్టంగానే ఉంది. తర్వాతి మాట ఎక్కడ ముద్దగా వస్తుందోనని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

నెల్లూరులో స్కాన్ తీసి, మెదడు వెనక భాగంలో రక్తం గడ్డకట్టి, రెండు కళ్లకూ ఎడమవైపు చూపు పోయిందని చెప్పారు. ఎప్పుడు మొదలైందని డాక్టరు గారు అడిగితే, పొలం నుంచి వచ్చేటప్పటికే తలనొప్పి ఉందని చెప్పాను. అంటే ఆయన ఆ చూపుతోనే హైవే దాటి బైకుమీద వచ్చారేమో. ఆ దారంతా కళ్లముందు మెదిలింది.

పదిరోజులకు ఇంటికొచ్చారు. ఎడమవైపు చూపు కొంతే తిరిగొచ్చింది. గదికి నీలం వేయించనా అని అడిగితే, "నీ ఇష్టం" అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకింకా భయంగా తోచింది. పసుపే వేయించాను.

ఇప్పుడు ఆయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుంటాను. పళ్లెంలో ఎడమవైపు కూర అలాగే మిగిలిపోతే, పళ్లెం కొంచెం తిప్పుతాను.