ఇసుకలో ట్యూనా వేట

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మా ఊరి పక్క పెన్నలో ఇసుక తప్ప నీళ్ళు కనిపించేవి కావు. సముద్రం ఎలా ఉంటుందో ఊరు మొత్తంలో చూసినవాడు మా చిన్నాయన ఒక్కడే. మద్రాసులో శ్రీమంతుల్ని సరదాకు చేపలు పట్టడానికి సముద్రం లోపలికంటా తీసుకుపోయే పడవ మీద ఆయనకు పని. ఒక వేసవిలో చక్రం బిగించిన గాలపు కర్ర భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. పిల్లలం ఈగల్లా ముసురుకున్నాం.

ట్యూనా అనే చేప మనిషంత ఉంటుందట. గాలానికి తగిలాక ఒక్కసారే లాగకూడదట. "తప్పించుకుంటినని అది అనుకోవాల. అప్పుడు లాగితే గుండె పగిలి వస్తాది. అదే ఆట" అన్నాడు. చూపిస్తాను రమ్మని నన్నూ, నాకంటే రెండేళ్ళు చిన్నదైన పక్కింటి దర్జీ కూతుర్నీ మిట్టమధ్యాహ్నం ఏట్లోకి తీసుకుపోయాడు. నా నడుముకు తువ్వాలు చుట్టి దానికి గాలపు దారం కట్టాడు. దూరంగా ఉన్న కంపచెట్టును ముట్టుకుంటే తనతో తీసుకుపోయి సముద్రం చూపిస్తానన్నాడు.

సముద్రం చూడాలని నాకెంత ఆశో చెప్పలేను. చెప్పుల్లేని కాళ్ళతోనే పరిగెత్తాను. చెట్టు దగ్గరపడగానే చక్రం తిప్పేవాడు, వెల్లకిలా పడేదాన్ని. దారం వదిలేవాడు, లేచి మళ్ళీ ఉరికేదాన్ని. నాలుగోసారి ఇక లేవలేకపోయాను. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. చిన్నాయన కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత తువ్వాలు విప్పి ఆ పిల్లకు కట్టి, కర్ర నా చేతికిచ్చాడు.

అదెంత బాధో అప్పుడే తెలుసుకున్నదాన్ని. అయినా వదిలాను, లాగాను. నిజం చెప్పడానికి సిగ్గేమిటి, నాకు భలే సంతోషంగా ఉండింది. రెండోసారికే అది కూలబడి, "చాలక్కా, కాళ్ళు కాలుతాండాయి" అని ఏడ్చింది. ఆట ఆగిపోతుందేమోనని, "లేసి ఉరుకు, నిన్ను గూడా తీస్కపోతాడు" అని అబద్ధమాడాను. లేచింది. ఉరికింది. మళ్ళీ లాగాను. నేర్చుకున్నానని చిన్నాయన నా వీపు తట్టాడు.

మరునాడు తొలి బస్సుకు ఎవరికీ చెప్పకుండా ఆయన వెళ్ళిపోయాడు. ఎండెక్కాక ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని, రంజానుకు కుట్టిన కొత్త గౌను వేసుకుని, నున్నగా తల దువ్వుకుని వచ్చింది. "బస్సు ఎప్పుడక్కా?" అని అడిగింది. ఆయన వెళ్ళిపోయాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మధ్యాహ్నం అన్నాను. దీపాలు పెట్టేదాకా మా అరుగు మీద కూర్చుంది.

ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు. ఎవరేమడిగినా కుదిరితే సరే, కుదరకపోతే లేదు, అక్కడికక్కడే చెప్పేస్తాను. చూద్దాంలే అన్న మాట నా నోట రాదు. రాతిగుండె ముసలిదని ఇంట్లో అంటారు. అననీ. ఆ సాయంత్రం అరుగు దిగి కుంటుతూ పోతూ, నా మొహం చూసి, "పోనీలే అక్కా, రేపు పోదాం" అని ఆ పిల్లే నన్ను ఓదార్చింది. ఆ మాట విన్నదాన్ని నేనొక్కదాన్నే.